రాతి మీద ఎవరి పేర్లు?



నవంబరు మాసం మన గుళ్లలో మృతుల మాసం. రెండో తారీఖు ఆత్మల పండుగ దగ్గరపడుతూంటే సమాధుల తోటలో గడ్డి చెక్కడం, సమాధులకు సున్నం కొట్టడం, బంతిపూలు గుచ్చడం మొదలవుతుంది. సార్వా కోతలు నెత్తిమీద ఉన్నా మన డెల్టా కుటుంబాలు ఈ పని మానుకోవు. సాయంత్రం పూజ ముగిశాక గురువు పవిత్ర జలం చల్లుకుంటూ వరసన నడుస్తారు. ఎవరి సమాధి దగ్గర వారు కొవ్వొత్తి వెలిగించుకుని నిలబడి ఉంటారు. ఏ సమాధి ఎవరిదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు.

ఈ వారం మీతో మాట్లాడదలచుకున్నది సమాధి లేనివారిని గురించి.

మండపేట చుట్టుపట్ల ఒక చిన్న ఊరు. పేరు రాయను. నేను చెప్పబోయే వ్యవహారం అక్కడ ఇంకా తెమలలేదు. తెమలకముందే పత్రికకెక్కితే ఆ పెద్దలు నొచ్చుకుంటారు. కాలవ గట్టు మీద గుడి, గుడి వెనక సమాధుల తోట, దాని వెనక వరిచేలు. ఆత్మల పండుగ పూజకు రమ్మంటే వెళ్లాను. పూజ అయ్యాక యువకులు నలుగురైదుగురు వచ్చి, "ఫాదర్ గారూ, పెద్దలతో మీటింగు ఉంది, మీరు కూడా కూర్చోవాలి" అన్నారు. కాఫీ ఇస్తారన్న ఆశ కూడా ఉండి కూర్చున్నాను.

వాళ్ల కోరిక ఇది. గుడి వరండా గోడకు ఒక నల్లరాతి పలక పెట్టాలి. ఊరి నుంచి యుద్ధాలకు వెళ్లిన మన విచారణవాళ్ల పేర్లు దానిమీద చెక్కించాలి. వారిలో ఒక కుర్రవాడు సైన్యంలో చేరాలని రోజూ తెల్లవారుజామున కాలవ గట్టు మీద పరుగెడుతున్నాడు. గోదావరి దాటి తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం చూసి వచ్చాడట. మీలో చాలామందికి తెలిసిందే, జనం నోట ఆ ఊరి పేరు మిలటరీ మాధవరం. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మగవాళ్లు వెళ్లారు. తరువాత కూడా తరం వెంట తరం సైన్యంలో చేరుతూ వచ్చారు. ప్రాణాలిచ్చినవారికి ఊళ్లో స్మారకం ఉంది. "అక్కడ ఊరు ఊరంతా వాళ్లని తలుచుకుంటారండి. మన ఊరినించి ఎవరు వెళ్లారో మనకే తెలీదు" అన్నాడు. కుర్రవాడి మాటలో కాస్త ఉడుకుమోత్తనం ఉన్నా, నిజం కూడా ఉంది.

పెద్దల్లో ఒకాయన రైసుమిల్లులో గుమస్తాగా చేసి మానుకున్నాయన. ఆయనకు నచ్చలేదు. "గుడి గుడేనయ్యా, సిపాయిల బారకాసు కాదు. చంపొద్దని చెప్పే చోట, చంపడానికి వెళ్లినవాళ్ల పేర్లు రాస్తామా?" అన్నాడు. పక్కనున్నాయన ఇంకొంచెం ముందుకు వెళ్లాడు. "దేశం కోసమేమన్నా వెళ్లారా? తెల్లవాడి జీతం కోసం వెళ్లారు. ఇంట్లో గింజ లేక వెళ్లారు. దాన్ని రాతి మీద ఏమని రాస్తారు?"

చదువరులారా, ఈ రెండు ప్రశ్నలూ మంచి ప్రశ్నలే. నాకు వెంటనే జవాబు తోచలేదని ఒప్పుకుంటున్నాను. తోచకముందే మామ్మ లోపలికి వచ్చింది.

ఎనభై ఏళ్లుంటాయి. చేతిలో వంద రూపాయల నోటు, ఒక చిన్న బట్టమూట. "ఫాదరుగారూ, మా తాతకి ఒక పూజ చెప్పాలి" అంది. పుస్తకం తీసి, "పేరు చెప్పు మామ్మా" అన్నాను. "బస్రా తాత" అంది. "అది మీరు పిలుచుకునే పేరు. అసలు పేరు?" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి ఊరుకుంది. ఆమెకు తెలియదు. ఆమె పసితనంలోనే తాతా పోయాడు, తండ్రీ పోయాడు. నాయనమ్మ మొగుడి పేరు నోటితో పలికే మనిషి కాదు. "బస్రా వెళ్లొచ్చాడు గదా బాబూ, బస్రా తాత అనేవోళ్లు. అంతే."

పూజలో చనిపోయినవారిని తలచుకునే చోటు ఒకటుందని మీకు తెలుసు. అక్కడ పూజ పుస్తకంలో ఎవరి పేరూ అచ్చయి ఉండదు. గురువు తన నోటితో పూరించుకోవలసిన ఖాళీ అది. ఎన్నో ఏళ్లుగా ఆ ఖాళీలో వేల పేర్లు పలికాను. పేరు లేక ఆగిపోవడం నాకు అదే మొదటిసారి.

అప్పుడామె మూట విప్పింది. నల్లబడిపోయిన బిళ్ల ఒకటి. "జార్జి పునీతుడి పతకం. మా నాయనమ్మ మరియమ్మ పటం కాడ పెట్టేది. ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాం" అంది. తిప్పి చూశాను. ఒక పక్క రాజు తల. ఇంకో పక్క గుర్రం మీద మనిషి, గుర్రం కాళ్ల కింద డాలు, పుర్రె, పక్కన 1914, 1918 అన్న అంకెలు. పునీతుల పతకం కాదది, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లినవారికి ఆనాటి ప్రభుత్వం ఇచ్చిన పతకం. అయితే మామ్మ మరీ పొరబడలేదు. దాన్ని చేసిన శిల్పి ఆ గుర్రపు రౌతును జార్జి పునీతుడిగానే ఊహించుకున్నాడు.

ఆ పతకాన్ని రెండు లోహాలతో పోశారు. సిపాయిలకు వెండిది. మూటలు మోసిన, మట్టి తవ్విన కూలీ దళాలవారికి కంచుది. మామ్మ చేతిలోది కంచుది. ఆ పతకాల అంచు మీద, పుచ్చుకున్నవాడి వివరం సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. కుర్రవాడు సెల్‌ఫోను లైటు వేశాడు, నేను కళ్లజోడు సర్దుకుని చదివాను. ముందు ఒక అంకె. తరువాత కూలీ అన్న మాట. ఆ తరువాత ఒక పేరు.

గట్టిగా చదివాను. గదిలో ఎవరూ ఎన్నడూ వినని పేరు. మామ్మ రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది. ఆయన తిరిగి వచ్చాకే జ్ఞానస్నానం పుచ్చుకున్నాడట. కాబట్టి ఇది ఆయన పాత పేరు. కొత్త పేరు చూద్దామంటే ఆ ఏళ్ల జ్ఞానస్నానాల పుస్తకం చెదలపాలైంది. అలా రెండు పేర్లున్న మనిషి మనవరాలి దగ్గర ఒక ఊరి పేరుగా మిగిలాడు. అది కూడా మన ఊరు కాదు.

"ఆయనతో కలిసి నలుగురు వెళ్లారంట. ద్వారపూడి దాకా నడిచి రైలెక్కారంట. ఇద్దరొచ్చారు" అంది మామ్మ.

"మిగతా ఇద్దరి పేర్లు?"

"వాళ్లు రాలేదు గదా బాబూ. పేర్లెవరు చెప్తారు?"

ఇంటికొచ్చాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కొంత చదివాను. మీకూ తెలియడం మంచిదని రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధం కోసం ఆనాటి ప్రభుత్వం మన దేశంలో చేర్చుకున్నవారు సుమారు 14 లక్షలు. అందులో సుమారు 5 లక్షల 60 వేల మంది తుపాకీ పట్టనివారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, గాయపడినవారిని డోలీల మీద మోసేవాళ్లు, కంచర గాడిదలను తోలేవాళ్లు, రేవుల్లో ఓడలు దింపేవాళ్లు, రైలు పట్టాలు పరిచేవాళ్లు. తెలుగువాడు, అరవవాడు యుద్ధానికి పనికిరాడని 19వ శతాబ్దం చివర్లో తెల్లదొరలు ఒక సిద్ధాంతం పట్టుకుని మదరాసు దళాలను తగ్గించుకుంటూ వచ్చారు. సిపాయిగా పనికిరాడన్న మనిషి మూట మోయడానికి మాత్రం పనికొచ్చాడు. బస్రా అంటే ఇప్పటి ఇరాకులోని రేవు. ఆ దేశంలో జరిగిన పోరులో ఎక్కువ మంది మన దేశపువారే. గుండు తగిలి పోయినవారికి తోడు ఎండకు, విరేచనాలకు, జ్వరాలకు పోయినవారు ఎందరో.

ఆ బస్రా దగ్గర 1929లో ఒక పెద్ద స్మారకం కట్టారు. ఆ నేలమీద చనిపోయి, సమాధి ఎక్కడో తెలియని 40 వేల మందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. తెల్ల సిపాయిల పేర్లు రాతి మీద ఉన్నాయి. మన వాళ్లలో ఆఫీసర్ల పేర్లు ఉన్నాయి. మామూలు భారతీయుల పేర్లు మాత్రం చెక్కలేదు. ఫలానా పటాలం, ఇంతమంది అని అంకె వేశారు. అన్ని చోట్లా ఇలా చేశారని కాదు. ఫ్రాన్సులో న్యూవ్ షపెల్ అనే చోట 1927లో కట్టిన స్మారకం మీద మనవాళ్లు 4 వేల 700 మందికి పైగా పేర్లతోనే ఉన్నారు. యూరోపులో ఉన్న న్యాయం బస్రాలో లేకపోయింది. ఈ సమాధుల బాధ్యత చూసే కామన్వెల్తు సంఘమే ఒక విచారణ వేసుకుని, 2021 ఏప్రిల్లో తన తప్పు బయటపెట్టుకుని క్షమాపణ చెప్పింది. మొదటి యుద్ధంలో చనిపోయిన భారతీయులు, ఆఫ్రికావారు, అరబ్బు దేశాలవారిలో 45 వేల నుంచి 54 వేల మందిని తక్కువ చేసి స్మరించారనీ, ఇంకా కనీసం 1 లక్షా 16 వేల మందిని, బహుశా 3 లక్షల 50 వేల మందిని పేరుతో స్మరించనేలేదు లేదా అసలు స్మరించలేదనీ ఆ నివేదిక తేల్చింది.

మన దేశంలో కూడా యుద్ధం అయ్యాక కొన్ని గ్రామాల్లో ప్రభుత్వం రాతి పలకలు పెట్టింది. ఈ గ్రామం నుంచి ఇంతమంది వెళ్లారు, ఇంతమంది మరణించారు. అంతే. మళ్లీ అంకే.

ఇది చదువుతూంటే నాకు దావీదు రాజు గుర్తుకొచ్చాడు. సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయం తీసి చూడండి. రాజ్యంలో కత్తి దూయగల మగవాళ్లెందరో లెక్క తీయమని దావీదు ఆజ్ఞాపించాడు. సేనాపతి యోవాబు వద్దన్నా వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు దేశమంతా తిరిగి లెక్క తెచ్చారు. 13 లక్షలు. ఆ లెక్క చేతికి రాగానే రాజు గుండె అతన్ని పొడిచింది, తాను పాపం చేశానని గ్రహించాడు. తరువాత వచ్చిన తెగులులో 70 వేల మంది పోయారు. లెక్కపెట్టడంలో అంత తప్పేమిటని చాలామంది అడుగుతారు. సంఖ్యాకాండం మొదట్లో దేవుడే మోషేను లెక్కించమన్నాడు గదా? నిజమే. కాని అక్కడి మాట జాగ్రత్తగా చూడండి. వంశం వారీగా, కుటుంబం వారీగా, మగవాళ్లందరి పేర్లూ రాయమన్నాడు. దావీదుకు పేర్లు అక్కరలేకపోయింది, అతనికి కావలసింది తన బలం ఎంతో తెలియడం. యోహాను సువార్తలో మంచి కాపరి ఏం చేస్తాడు? గొర్రెలను పేరు పెట్టి పిలుస్తాడు. ధనవంతుడు, లాజరు కథలో కూడా ప్రభువు పేరిచ్చింది వాకిట్లో పడి ఉన్న పేదవాడికే, విందులు చేసిన దొరకు పేరు లేదు.

ఇప్పుడు గుమస్తాగారి ప్రశ్నకు వద్దాం. చంపడానికి వెళ్లినవారి పేర్లు గుళ్లో రాయవచ్చా?

మన కతోలికుల బైబులులో మక్కబీయుల రెండవ గ్రంథం ఉంది. అందులో 12వ అధ్యాయం ఆత్మల పండుగ పూజల్లో మీరు చాలాసార్లు విన్నదే. కాని మనం చివరి భాగం వింటాం, మొదటిది వదిలేస్తాం. యుద్ధం అయ్యాక యూదా మక్కబీ తన మనుషులతో శవాలను ఎత్తడానికి వెళ్లాడు. చనిపోయిన ప్రతి సిపాయి చొక్కా కింద యామ్నియా విగ్రహాల తాయెత్తులు కనబడ్డాయి. ధర్మశాస్త్రం వద్దన్న తాయెత్తులు. అంటే వీళ్లు వీరులూ కారు, పునీతులూ కారు. భయపడిన మామూలు మనుషులు, దొరికినదాన్ని పట్టుకున్నవాళ్లు. యూదా వాళ్లను దాచిపెట్టలేదు, పొగడనూ లేదు. అందరి దగ్గరా చందా వసూలు చేసి, 2 వేల వెండి నాణేలు యెరూషలేముకు పంపి, వారి పాపం కోసం బలి అర్పించమన్నాడు.

గుడి గోడమీది పేరుకు అర్థం అదేనని నాకనిపిస్తుంది. కూడలిలో విగ్రహం పెడితే మెచ్చుకోలు. గుళ్లో పేరు పెడితే అప్పు. ఈ మనిషి కోసం ఈ గుడి ప్రార్థన చేయాలి, చేయకపోతే బాకీ పడినట్లు. గుమస్తాగారు చెప్పినట్లు అతడు చంపి ఉంటే, అతని పేరు అక్కడ ఉండవలసిన అవసరం ఇంకా ఎక్కువ.

తిరుసభ యుద్ధాన్ని మెచ్చుకోలేదు. 1917 ఆగస్టు 1న 15వ బెనెడిక్టు పోపుగారు పోరాడుతున్న దేశాల అధిపతులకు ఉత్తరం రాసి, ఆ యుద్ధం వ్యర్థమైన నరమేధమని చెప్పారు. రెండు పక్షాలకూ ఆయన మీద కోపం వచ్చింది. మరి అదే పోపుగారు చేసిన ఇంకో పని మీలో ఎందరికి తెలుసు? ఆత్మల పండుగనాడు ఒక్కొక్క గురువు మూడు పూజలు చేసే అనుమతి మనకు ఎప్పటినుంచో ఉందని అనుకుంటాం. స్పెయిను, పోర్చుగలు రాజ్యాల గురువులకు పూర్వం నుంచీ ఉన్నా, లోకమంతటికీ దాన్ని ఇచ్చింది ఆయనే, 1915 ఆగస్టు 10న. కారణం, ఆ యుద్ధంలో పోతున్న అసంఖ్యాకుల ఆత్మలు. కాబట్టి ప్రతి నవంబరు 2న మన ఊరి గుళ్లో జరిగే పూజల్లో ఆ సిపాయిల, ఆ కూలీల వాటా ఉంది. మనం వారిని మరచిపోయినా, వారి వల్ల వచ్చిన పూజను చేస్తూనే ఉన్నాం.

ఆ యుద్ధం ఆగిన రోజు కూడా చిత్రమైనది. 1918 నవంబరు 11, మార్టిను పునీతుని పండుగ. ఆయన రోము సైన్యంలో సిపాయి. చలికాలంలో ఊరి వాకిట వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కత్తితో సగం కోసి ఇచ్చాడు. తరువాత కత్తి వదిలేశాడు. ఇంకొక మాట. దివ్యసత్ప్రసాదం పుచ్చుకునే ముందు, ప్రభువు నా ఇంటికి వచ్చే యోగ్యత నాకు లేదని మనమందరం అనే మాటలు మొదట ఎవరివి? ఒక శతాధిపతివి. పరాయి సైన్యంలో నౌకరి చేసే, పరాయి మతంవాడివి. సిపాయి మాటలను రోజూ బలిపీఠం ముందు పలుకుతూ, సిపాయి పేరు వరండాలో వద్దనడం ఎలా?

రెండో ఆయన అన్నమాట, జీతం కోసం వెళ్లారని. అవును, వెళ్లారు. మన అన్నదమ్ములు గల్ఫుకు ఎందుకు వెళ్తున్నారు? ఆనాడు కాకినాడ, కోరంగి రేవుల నుంచి రంగూను ఎందుకు వెళ్లారు? బర్మావాళ్లు మనవాళ్లందరినీ కోరంగీలనే పిలిచేంతగా వెళ్లారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాక లక్షలాదిమంది అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో రాలిపోయినవారికి సమాధుల్లేవు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, మన కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి. యూనిఫారం వేసుకున్నవాడూ, వేసుకోనివాడూ ఒకే ఆకలి వల్ల, ఒకే యుద్ధంలో చిక్కుకున్నారు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సిపాయిలు వచ్చినప్పుడు ఆయన వారి జీతాన్ని తప్పు పట్టలేదు. దోచుకోవద్దన్నాడు, జీతంతో తృప్తిపడమన్నాడు. ఆకలితో వెళ్లినవాడిని వీరుడని అబద్ధం రాయనక్కరలేదు. ఆకలితో వెళ్లాడని తలదించుకోనూ అక్కరలేదు.

యువకులు గీయించిన బొమ్మ నాకు చూపించారు. పైన రెండు తుపాకులు అడ్డంగా, కింద జెండా. పిల్లలు ఎంతో ఇష్టంగా చేయించారు, కాదనడానికి మనసు రాలేదు. అయినా తుపాకులు తీసేయమన్నాను. మామ్మ తాత మోసింది తుపాకి కాదు, మూట. తుపాకి బొమ్మ కింద ఆయన పేరు పెడితే ఆయన మళ్లీ కనబడకుండా పోతాడు. కుర్రవాడు కాస్త ముఖం ముడుచుకున్నాడు. కోహిమా మాట చెప్పాను. 1944లో అక్కడ జరిగిన భయంకరమైన పోరులో రెండు వైపులా వేలమంది పోయారు. ఆ కొండల మీద ఈనాడు మన కతోలిక కథీడ్రల్ ఉంది, సహాయమాత మరియమ్మ పేర. దాన్ని కట్టడానికి, అక్కడ చచ్చిపోయిన జపాను సిపాయిల కుటుంబాలవారు కూడా డబ్బు పంపారు. తమ బిడ్డల కోసం ఒకనాటి శత్రువుల గుళ్లో ప్రార్థన జరగాలని కోరుకున్నారు. అది విన్నాక అతడే రబ్బరు తీసుకుని తుపాకులు చెరిపేశాడు.

ఎవరెవరిని రాయాలన్నది ఇంకా తేలలేదు. చనిపోయినవారినేనా, తిరిగొచ్చినవారిని కూడానా? సింగపూరులో శత్రువుకు చిక్కి ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాడు ఒకడున్నాడని ఒక ఇంటివారు నెమ్మదిగా చెప్పారు. ఆయన ఏ యుద్ధం చేసినట్లు? ఒక అన్న ఈ వైపు, తమ్ముడు ఆ వైపు ఉన్న కుటుంబాలు ఆ రోజుల్లో ఉన్నాయి. వారిద్దరి పేర్లూ ఒకే రాతి మీద పక్కపక్కన ఉండాలని నా అభిప్రాయం. ఇక మామ్మ తాతతో వెళ్లినవారిలో ఒకరు బాప్టిస్టులు అయి ఉండవచ్చు, ఒకరు హిందువులు అయి ఉండవచ్చు. మన గుడి గోడమీద వారిని రాయవచ్చునా అని అడిగారు. వారి కుటుంబాలను అడిగి, వారు సరేనంటే రాయండి అన్నాను. రైలు పెట్టెలో నలుగురూ ఒకే బల్లమీద కూర్చున్నారు గదా.

ఇందులో మీ సహాయం కూడా కావాలి. మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే తెరిచి చూడండి. పునీతుల పటాల వెనక చూడండి. నల్లబడిన బిళ్ల కనబడితే చింతపండుతో తోమకండి. అంచు మీద అక్షరాలు ఉన్నాయేమో భూతద్దం పెట్టి చూడండి. పింఛను కాగితం, డిశ్చార్జి కాగితం, బర్మా నుంచి వచ్చిన కార్డు, ఏదున్నా మీ గురువుగారికి చూపించండి. ముసలివారిని అడగండి, ఈ వారమే అడగండి. ఊళ్లో బర్మా మామ అనో, మిలటరీ తాత అనో పిలిచేవారుంటే అసలు పేరేమిటని అడగండి. రాయి తరువాత రావచ్చు. ముందు ఒక నోటుబుక్కు కొని పేర్లు రాయండి.

ఆ ఊళ్లో నోటుబుక్కు మొదలైంది. మొన్న ఆదివారం మళ్లీ వెళ్లాను. పూజ వస్త్రాలు మార్చుకునే గదిలో బల్లమీద ఉంది. ఇప్పటికి పదకొండు పేర్లు. ఒక్కొక్కటి ఒక్కొక్క దస్తూరీలో ఉంది. మొదటి పేరు మామ్మ తాతది. అంచు మీద ఉన్నట్లే రాయించింది, అంకె వద్దంది. కూలీ అన్న మాట ఉంచమంది. దాని కింద రెండు గీతలు ఖాళీగా వదిలి ఉన్నాయి. గుమస్తాగారే స్కేలు పెట్టి గీశారట.

పూజకు ముందు మామ్మ వచ్చి మళ్లీ వంద రూపాయలిచ్చింది. "ఎవరికి మామ్మా?" అన్నాను.

"రానోళ్లిద్దరికీ. పేర్లు అడక్కు బాబూ" అంది.

ఆ చోటికి వచ్చినప్పుడు నేను పేరు పలకలేదు. ఇద్దరి పేర్లు పలికేంతసేపు ఆగి, పూజ కొనసాగించాను.